కథలో మనుష్యులు మాటలాడవలెను

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగపాఠము)



వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయుడు లేచి నిలువబడినచో హాజరును గూర్చియు, పరీక్షాఫలితములను గూర్చియు, వానకు కురియుచున్న పైకప్పును గూర్చియు చెప్పునని మీరెల్లరు ఎదురుచూచుట సహజము. ఆ మూడింటిని కార్యదర్శిగారు తమ నివేదికలో చెప్పియే యున్నారు. పైకప్పును గూర్చి రెండుమారులు చెప్పిరి. కావున మాకిచ్చిన ఈ కొద్ది సమయమును వేరొక విషయమునకు వినియోగించుటకు అనుజ్ఞ వేడుచున్నాము. మన పిల్లలు కథలు వ్రాయుచున్నారు. ఆ కథలలో రాజులున్నారు, రైతులున్నారు, అవ్వలున్నారు, పులులున్నవి. కాని ఎవ్వరును నోరు విప్పరు. వారిచేత మాటలాడించుట ఎట్లు, అందుకు ఇంటివద్ద మీరు చేయవలసినదేమి అనునదే మా ప్రసంగవిషయము.

అర్ధసంవత్సర పరీక్షల తరువాత ఒక తండ్రి తన కుమార్తె నోటుపుస్తకమును చేతబట్టుకొని మా గదికి వచ్చిరి. ఆ బాలిక ఐదవ తరగతి చదువుచున్నది. ఆమె వ్రాసిన కథలో ఒక అవ్వ మనుమరాలితో "ఏందే గట్ల జూస్తున్నవ్, బుక్కెడు తిను" అని యన్నది. ఆ తండ్రి ఆ వాక్యముమీద వ్రేలుపెట్టి, "సార్, మేము ఇంట్ల మాట్లాడేదే బడిల రాస్తే బడికెందుకు పంపుడు?" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనది. కూలి మానుకొని వచ్చి అడిగిన ప్రశ్న. అప్పుడు గంట కొట్టినందున రెండు మాటలలో సమాధానము చెప్పి పంపితిమి. అట్టి సందేహమే మీలో మరికొందరికి గలదని తరువాత తెలిసినది. దానికి పూర్తి సమాధానము నేడు చెప్పెదము.

మొదట పిల్లల కథలు ఎట్లుండునో వినుడు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెల 13వ తేదీ మొదలు 24వ తేదీ వరకు మన ప్రాణహితకు పుష్కరములు జరిగినవి. సిరొంచ వీథులలో కాలు మోపుటకు చోటులేకుండెను. అవి ముగిసిన పిమ్మట పిల్లలను పుష్కరములను గూర్చి కథగా వ్రాయుడని కోరితిమి. వచ్చిన కథలన్నియు ఒకే అచ్చునుండి తీసిన యిటుకలవలె నుండెను. "మేము పుష్కరాలకు పోయినాము. చాలా జనం వచ్చినారు. స్నానం చేసినాము. మాకు చాలా సంతోషం కలిగింది." అంతే. ఆ పిల్లలే మధ్యాహ్నపు విరామమున చెట్టుక్రింద కూర్చుండి ఏమి చెప్పుకొనిరనుకొన్నారు? తప్పిపోయిన బిడ్డకొరకు మైకులో ఎట్లు పిలిచిరో ఒకడు ఆ గొంతుతోనే చెప్పెను. బొమ్మల దుకాణమువానితో తన అవ్వ బేరమాడిన తీరును ఒక బాలిక చేతులు త్రిప్పుచు చూపెను. మరాఠీ తప్ప మరొకటి రాని పోలీసుకును, తెలుగు తప్ప మరొకటి రాని యాత్రికునకును జరిగిన సంభాషణను ఇద్దరు పిల్లలు వేషము కట్టినట్లు ఆడి చూపిరి. ఇంత పుష్కరము వారి నోట నున్నది, నోటుపుస్తకములో లేదు.

పిల్లలకు మాటలు లేక యిట్లు జరుగుటలేదు. తాము విన్న మాట వ్రాయదగినది కాదని వారు నమ్మియున్నారు. ఈ నమ్మకమును వారికి కలిగించినవారు పెద్దలే. బజారులో దొరకు గైడుపుస్తకములలోని కథలలో సంభాషణ యుండదు. ఉన్నను అందరును ఒకే గొంతుతో మాటలాడుదురు. ఇక ఎఱ్ఱసిరా సంగతి. పిల్లవాడు "గిట్ల" అని వ్రాసినచోట గీత, "పోతున్న" అని వ్రాసినచోట గీత. నాలుగు గీతలు చూచిన పిల్లవాడు అయిదవమారు తన అవ్వచేత మాటలాడించునా? మాటలాడించడు. "అవ్వకు కోపం వచ్చింది" అని వ్రాసి తప్పించుకొనును. ఆ వాక్యములో గీయుటకు ఏమియు లేదు. వినుటకును ఏమియు లేదు.

ఇట్టి వాక్యమును ఎట్లు విప్పవలెనో ఒక ఉదాహరణము చెప్పెదము. మన ప్రాంతమున ఏప్రిల్, మే నెలలలో తునికాకు కోతకు పోని యిల్లు తక్కువ. ఒక బాలుడు ఇట్లు వ్రాసెను: "మేము తునికాకుకు పోయినాము. కల్లం దగ్గర కట్టలు లెక్క చూసినారు. కొన్ని కట్టలు తీసివేసినారు. మా అవ్వకు కోపం వచ్చింది. మేము ఇంటికి వచ్చినాము." ఉపాధ్యాయుడు ఆ బాలుని పిలిచి కథ బాగున్నదనియు అనలేదు, బాగులేదనియు అనలేదు. "అవ్వ ఏమన్నది?" అని మాత్రము అడిగెను. బాలుడు ఊరకుండెను. "కోపం వచ్చింది సార్" అనెను. "కోపము వచ్చి ఏమన్నది?" బాలుడు తలవంచుకొని నవ్వెను. ఆ నవ్వులో కథ యున్నదని ఉపాధ్యాయుడు గ్రహించి, అన్నది అన్నట్లు వ్రాయుమనెను. మరునాడు బాలుడు తెచ్చినది ఇది:

"ఇవి ఆకులు గావా? పొద్దుగాల నాలుగు గొట్టంగ లేచి తెంపినం" అన్నది అవ్వ.

"చిన్నాకు ఉన్నది అవ్వా. నేనేం జేయాలె?" అన్నడు లెక్క రాసేటాయన.

"చిన్నాకని పోయి చెట్టుకు జెప్పు. నాకు జెప్పకు" అన్నది అవ్వ.

ఇందులో కోపము అను మాట యెచ్చటను లేదు. అయినను అవ్వ కోపము మనకు తెలిసినది. ఆమె చమత్కారము తెలిసినది. తెల్లవారకముందే అడవికి పోయిన కష్టము తెలిసినది. కట్టకు ఎన్నో ఆకులు. చిన్నాకని ఒక కట్ట పోయినచో పోయినది ఎంత నడకయో, ఎంత వంగుడో ఈ సభలో కూర్చున్న తల్లులకు మేము చెప్పనక్కరలేదు. మరొక విశేషము గమనింపుడు. మొదటి కథలో కట్టలు తీసివేసినవాడు ముఖములేని మనిషి. రెండవదానిలో అతడు "నేనేం జేయాలె" అన్నాడు. అతని పైన మరొకడున్నాడని ఆ రెండు మాటలవలన తెలియుచున్నది. పదేండ్ల బాలుడు అది తెలిసి వ్రాసెనని మేము అనుటలేదు. విన్నది విన్నట్లు వ్రాసినందున ఆ సత్యము దానంతట అదే వచ్చి చేరినది.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. పదమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి భారతమును తెనిగించినప్పుడు పాత్రలచేత మాటలాడించిన నేర్పును పండితులు నేటికిని నాటకీయతయని కొనియాడుదురు. పండితుల మాట యటుండనిండు. ఏటి కావలిదరినుండి వచ్చు ఒగ్గుకథ మీరు వినియున్నారు. కథచెప్పువాడు ఒక్కడే చెప్పుకొనిపోడు. ప్రక్కవాడు అడుగును, అడ్డము వచ్చును, ఎగతాళి చేయును. బుఱ్ఱకథలో వంతపాటగాండ్రు ఇద్దరు నిలుచుట అందుకొరకే. చదువురాని మన పెద్దలకు కథయనగా మాటకు మాట. చదువుకొన్న మన పిల్లలకు కథయనగా వ్యాసము.

గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" కథ 1910లో వెలువడినది. అది వర్ణనతో మొదలుకాదు. రాత్రివేళ ఇంటికి వచ్చిన భర్త తలుపు తీయుమని పిలుచుటతో మొదలగును. చదువరి ఆ పిలుపుతోనే ఆ గడపముందర నిలువబడును. ఆ కథలో యజమాని మాట వేరు, పనివాని మాట వేరు. ఆయన "కన్యాశుల్కము" 1892లో రంగస్థలమెక్కినది, 1897లో అచ్చయినది, 1909లో మార్పులతో మరల అచ్చయినది. అందు పాత్ర పేరు మూసివేసి మాట మాత్రము చదివినను ఎవరు మాటలాడుచున్నారో పోల్చుకొనవచ్చును. మేము పై తరగతి పిల్లలకు పెట్టు పరీక్షయు అదియే. నీ కథలో పేర్లు కొట్టివేసి నీ మిత్రునికిమ్ము. ఎవరి మాట ఏదో అతడు చెప్పగలిగినచో ఉత్తీర్ణుడవు.

ఇప్పుడు ఆ తండ్రిగారి ప్రశ్నకు వచ్చెదము. ఇంటిమాట వ్రాయుటకు బడి యెందుకు?

కథలో రెండు తెలుగు లుండవలెనని మేము బోధించుచున్నాము. కథ చెప్పు పిల్లవాని తెలుగు బడి తెలుగు. అతని అవ్వ తెలుగు అవ్వ తెలుగు. ఈ రెంటికిని నడుమ గడప యున్నది. ఆ గడపయే ఉద్ధరణ చిహ్నము. గడప లోపల అవ్వ ఇష్టము. గడప వెలుపల పంతులు ఇష్టము. "బుక్కెడు తిను" అను మాట గుర్తులలోపల నున్నంతవరకు తప్పు కాదు. దానిని దిద్దినచోనే తప్పు. అదే పిల్ల "నేను బుక్కెడు తినంగనే బడికి ఉరికిన" అని తహసీలుదారుగారికి అర్జీ వ్రాసినచో మేము దిద్దెదము, దిద్దియే తీరెదము. ఏది లోపల నుండదగినది, ఏది వెలుపల నుండదగినది అని ప్రతి వాక్యమునకును ఆలోచించు పిల్లకు రెండు తెలుగులును వచ్చును. అవ్వ మాటను దాచిపెట్టిన పిల్లకు బడి తెలుగు కూడ సగమే వచ్చును. ఎందుకనగా ఏది బడి తెలుగో పోల్చి చూచుకొనుటకు ఆమెవద్ద రెండవది లేదు. మా తరగతులలో మేము చూచుచున్నది ఇది. సంభాషణలు వ్రాయుట మొదలుపెట్టిన పిల్లల వ్యాసములలో తప్పులు తగ్గినవి, పెరుగలేదు.

ఇంత చెప్పుచున్న మేము ఈ వేదికమీద పుస్తకభాషలోనే మాటలాడుచున్నాము గదా యని వెనుక వరుసలో ఎవరో నవ్వుచున్నారు. నవ్వుడు. ఏబది దాటిన ఉపాధ్యాయుని నాలుక సభలో ఇట్లే తిరుగును. ఇంటికి పోయినచో మాకును అవ్వ మాటయే.

ఒక్క హెచ్చరిక. మన యాసను గుర్తులలోపల పెట్టుమనగానే కొందరు పిల్లలు దానిని దొంగకు, తాగుబోతుకు, వెఱ్ఱివానికి మాత్రమే ఇచ్చుచున్నారు. కలెక్టరు, డాక్టరు, మంచి తండ్రి పుస్తకములోవలె మాటలాడుదురు. ఇది వారికి సినిమాలు నేర్పిన పాఠము. మన ప్రాంతపు మాటను చాలకాలము హాస్యగానికిని, రౌడీకిని కేటాయించినవి తెలుగు చిత్రములు. అట్టి కథ వచ్చినచో మేము తిప్పి పంపెదము. "మీ బాపు మంచివాడా? మీ బాపు ఎట్లు మాటలాడును?" అని యడిగెదము. ఆ ప్రశ్న విని ఒక పిల్లవాని కన్నులలో నీరు తిరిగినది. కథలోని దొంగకు తాను తన తండ్రి గొంతునే యిచ్చినట్లు అతడు అప్పుడు గ్రహించెను. తల్లిదండ్రులారా, ఈ ప్రసంగమునకు మేము పూనుకొన్నది ముఖ్యముగా ఇందుకొరకే. తన యింటిమాట నవ్వులపాలగు మాటయని పదేండ్లకు నమ్మిన పిల్ల పదునైదేండ్లకు మీతో బజారులో మాటలాడుటకు సిగ్గుపడును.

మర్యాద సంగతియు ఇట్టిదే. పుస్తకములలో కొడుకు తండ్రిని "మీరు" అనును. మన యిండ్లలో ఎందరు పిల్లలు బాపును మీరు అందురు? "బాపూ, నువ్వు ఎప్పుడొస్తవ్?" అని అడుగుటలో ప్రేమకు లోటులేదు, గౌరవమునకును లోటులేదు. అదే పిల్లవాడు గుడి పూజారిని, బడి పంతులును "మీరు" అనును. కాకను ఒకరీతిగా, మామను ఒకరీతిగా, బావను మరొకరీతిగా పిలుచును. బావతో ఆడు పరాచికము మామతో ఆడడు. కథలో ఎవరు ఎవరిని ఏమని పిలిచిరో వ్రాసినచో వారి బంధుత్వమును వేరుగ వివరింప పనిలేదు. అందరిచేత "మీరు" అనిపించిన పిల్లవాడు మర్యాద నేర్చెనని సంతోషింపకుడు. అతడు తన యింటిని కథలోనుండి తీసివేసినాడు.

ఇక భాషల కలయిక. ఈ సిరొంచ 1860లో నిజాము ఏలుబడినుండి ఆంగ్లేయుల పాలనకు వచ్చెను. 1874లో చాందా జిల్లాలో చేరెను. ఆ జిల్లాతోపాటు 1956లో బొంబాయి రాష్ట్రమునకును, 1960లో మహారాష్ట్రమునకును వచ్చెను. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడెను. కాగితములమీద ఊరు ఇన్నిమార్లు ఇల్లు మారినది. రేవులో పిలుపు మారలేదు. తెలుగు నిలిచినది, దానిప్రక్కన మరాఠీ నిలిచినది, గోండీ మాడియాలు అంతకు ముందునుండియు నిలిచియున్నవి. అయినచో తెలుగు కథలో మరాఠీ మనిషి వచ్చినప్పుడు అతనిచేత ఏ భాష మాటలాడింపవలెను? పిల్లలు మమ్ములను తరచుగా అడుగు ప్రశ్న ఇది. ఒక బాలిక వ్రాసిన ఎస్టీ బస్సు కథలో నుండియే సమాధానము చెప్పెదము.

"పుఢే చలా, పుఢే చలా" అన్నడు కండక్టరు.

"ఏడికి చలా? ముందట మందే ఉన్నరు" అన్నది మా అవ్వ.

కండక్టరు మాటను "ముందుకు జరగండి" అని తెలుగు చేసినచో ఆ బస్సు ఆగిపోయెడిది. అవ్వ అతని "చలా"ను పట్టుకొని తిప్పికొట్టినది. మరాఠీ రానివానికిని అర్థమైనది. కావున చిన్నమాటయైనచో ఆ భాషలోనే, తెలుగు లిపిలో వ్రాయవలెను. పెద్దమాటయైనచో సారాంశము తెలుగులో చెప్పవలెను. గోండీ మాటలాడు మిత్రుని గూర్చి వ్రాయుచున్నచో ఆ మిత్రుని అడిగి అతని మాట సరిగా వ్రాసికొనవలెను. నవ్వించుటకు నోటికివచ్చిన కూతలు వ్రాయరాదు. గోండీయు తెలుగును ద్రావిడ భాషలలో దగ్గరి చుట్టములని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. చుట్టమును వెక్కిరించుట మన పద్ధతి కాదు.

ఇట్టి వినయమునకు మనకు పెద్ద యుదాహరణము గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పర్లాకిమిడియు మన సిరొంచవలె సరిహద్దు ఊరే. 1936లో ఒరిస్సాలో చేరినది. కొండలలోని సవరల మాటను ఆయన కష్టపడి నేర్చుకొని, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పుటకు పూనుకొనెను. సవర భాషను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. వాడుక తెలుగు బడిలోనికి రావలెనని ఆయన పోరాడెనని ఎల్లరికిని తెలియును. ఆగస్టు 29వ తేదీన ఆయన పుట్టినదినమును తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. సవరల నోట విన్నది విన్నట్లు వ్రాసికొన్న చెవియు, వాడుక తెలుగుకొరకు పోరాడిన చెవియు ఒక్కటేయని మాకు తోచును.

కొంత వ్యాకరణము చెప్పక తప్పదు, తల్లులు ఆవులింపవలదు. తెలుగులో ఒకరి మాటను మరొకరికి చేర్చుటకు "అని" అను రెండక్షరముల మాట యున్నది. ముందు మాట, తరువాత "అని", దాని వెనుక చెప్పినవాడు. "రేపు వస్తనని కాక చెప్పిండు." చెప్పుచున్నది మనమే, అయినను "వస్త" అనునది కాక నోటిమాటగనే నిలిచియున్నది. ఆంగ్లమున ఇట్లుండదు, ఒకరి మాటను మనము చెప్పునప్పుడు అందలి "నేను" పోయి "అతడు" వచ్చును, కాలము కూడ మారును. ఆంగ్ల వ్యాకరణపు పాఠము విన్న పిల్లలు తెలుగును కూడ అట్లే మార్చి, "అతడు రేపు వస్తాడని కాక చెప్పాడు" అని వ్రాయుదురు. ఆ అతడెవడు? కథలోనికి పిలువని మనిషి వచ్చి కూర్చున్నాడు. మరాఠీ ఎక్కువగా చదివిన పిల్లలు "కాక చెప్పిండు కి, నేను రేపు వస్త" అని వ్రాయుదురు. పాత్ర నోట ఆ "కి" వచ్చిన రానిండు. మన సంతలో అట్లనువారున్నారు. కథ చెప్పువాని నోట మాత్రము "అని" నిలుపుకొనవలెను.

గుర్తుల సంగతి. తాటాకుల కాలమున ఈ ఉద్ధరణ చిహ్నములు లేవు. "అనిన", "అనవుడు" వంటి మాటలే ఆ పని చేసెను. గుర్తులు అచ్చుతోపాటు వచ్చినవి. ఒకరి మాట ముగిసి మరొకరి మాట మొదలైనప్పుడు క్రొత్త పంక్తి వ్రాయవలెను. ఇందువలన కాగితము వృథాయగుచున్నదని ఇద్దరు ముగ్గురు తండ్రులు ఆక్షేపించిరి. నోటుపుస్తకము వెల మాకు తెలియును. అయినను ఆ ఖాళీ మన్నింపుడు; అచ్చట ఒకరు ఊపిరి తీసికొనుచున్నారు.

"అన్నది", "అన్నడు" అనుట చాలును. "నుడివెను", "వచించెను", "వక్కాణించెను" అని మార్చి మార్చి వ్రాయుమని కొన్ని గైడులలో నున్నది. తునికాకు కల్లములో ఎవరును వక్కాణింపరు.

మాట రుచి తగిలిన తరువాత కొందరు పిల్లలు అదుపు తప్పుచున్నారు. "బాగున్నవా?" "బాగున్న." "తిన్నవా?" "తిన్న." "ఏం కూర?" ఈ రీతిగా రెండు పుటలు. పులి మూడవ పుటలోగాని రాదు. మేము వారికి చెప్పునది ఇది: ఆ మాటను తీసివేసి చూడుము, కథ కుంటకపోయినచో తీసివేయుము. మరియు మనుష్యులు అడిగినదానికి సూటిగా బదులు చెప్పుట అరుదని గమనింపుమందుము. ఒక బాలుని కథలో కొడుకు "బాపూ, బూట్లకు పైసలిస్తవా?" అని యడుగును. తండ్రి "వానలు పడనీ" అనును. పిల్లవాడు మరల అడుగడు. లేవనియు లేదు, ఇచ్చెదననియు లేదు. ఆకాశము చూచి అన్న ఆ రెండు మాటలలో ఆ యింటి సంవత్సరమంతయు నున్నది. ఆ వాక్యము చదివి మేము కొంతసేపు నోటుపుస్తకము మూసి పెట్టితిమి. ఆ బాలుడు మిక్కిలి సామాన్యమైన విద్యార్థి, లెక్కలలో వెనుకబడినవాడు.

రాజ్యాంగములోని 350ఎ అధికరణము 1956లో చేర్చబడినది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించు వసతి కల్పింపవలెనని అది చెప్పుచున్నది. మన బడికి అది గొప్ప అండ. అయితే మాతృభాష యనగా పుస్తకములోని తెలుగు మాత్రమే యనుకొన్నచో మన పిల్లల తల్లులు మాటలాడునది ఏ భాష? పై తరగతులకు మరాఠీ బడికి పోవు పిల్లలు మన వద్ద నేర్చిన పాఠములను కొన్ని మరతురు. అవ్వ మాటను తన చేతితో వ్రాసిన పిల్ల దానిని మరువదని మా నమ్మకము.

ఈ సంవత్సరమునుండి మన ఉపాధ్యాయులు కొన్ని నియమములు పెట్టుకొన్నారు. కథలో గుర్తుల నడుమనున్న మాటపై ఎఱ్ఱసిరా పడదు. అర్థము తెలియనంతగా అక్షరములు తారుమారైనచో మాత్రము పెన్సిలుతో ప్రక్కన వ్రాయుదురు. గుర్తుల వెలుపల మునుపటివలెనే దిద్దుదురు. ఈ సంచికలో పిల్లల కథలు అట్లే అచ్చువేయుచున్నాము. మీ మాట అందులో కనబడినచో పిల్లను మందలింపకుడు. మీ రహస్యము బయటపడినచో మా వద్దకు రండు. తరువాతి సంచికలో తీసివేసెదము.

మీకొక పని కూడ ఒప్పగించుచున్నాము. గోదావరిపై వంతెన కట్టకముందు కాళేశ్వరమునకు పడవలో పోయినవారు ఈ సభలో పెక్కుమంది యున్నారు. వచ్చు శనివారము నాలుగు, అయిదు తరగతుల పిల్లలు ఒక కాగితము ఇంటికి తెచ్చెదరు. దానిపైన ఒకే ప్రశ్న యుండును: పడవ అవతలి గట్టున నున్నప్పుడు ఈ గట్టునుండి పడవవానిని ఏమని పిలిచెడివారు, అతడు ఏమని బదులు చెప్పెడివాడు? మీకు తెలియనిచో ఇంటిలోని ముసలివారిని అడుగుడు. వారు చెప్పినదానిని మంచి తెలుగులోనికి మార్చకుడు. తిట్టు ఉన్నచో తిట్టు కూడ వ్రాయనిండు. అది అచ్చులో వేయవలెనా వద్దా యనునది మేము చూచుకొనెదము. వ్రాయరాని అవ్వ చెప్పుచుండగా పిల్లయే వ్రాసికొనును. అవ్వ కొంచెము నెమ్మదిగా చెప్పిన చాలును. కాగితము చాలనిచో వెనుకవైపున వ్రాయవచ్చును.